72 గంటల మాత్ర: డబ్బాలో పడ్డ చీటీలకు జవాబులు

నేను కోనసీమలోనూ, గోదావరికి అవతల నరసాపురం, పాలకొల్లు వైపు కాలేజీల్లోనూ ఆరోగ్య పాఠాలు చెప్పే నర్సుని. "ఏమైనా అడగాలా?" అంటే క్లాసంతా తలొంచుకుని బల్లల వైపు చూస్తుంది. అందుకే మూతకు చిల్లు పెట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి వెంట తీసుకెళ్తాను. పేరు రాయక్కర్లేదు, కాయితం మడిచి అందులో వేస్తే చాలు. ఇంటికొచ్చి విప్పి చూస్తే సగం చీటీలు ఒకే సంగతి మీద ఉంటాయి: గర్భం వస్తుందేమోనన్న భయం, తర్వాత వేసుకునే ఆ మాత్ర. ఒక చీటీలో "మా ఫ్రెండ్‌కి" అని రాసి, కొట్టేసి, "నాకు" అని రాసి, దాన్నీ కొట్టేసి మళ్లీ "మా ఫ్రెండ్‌కి" అని రాశారు. ఎవరికైనా జవాబు ఒకటే కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అత్యవసర గర్భనిరోధకం అంటే ఏమిటి?

కలయిక జరిగిపోయాక గర్భం రాకుండా వాడేది. కండోమ్ చిరిగినప్పుడు, రోజూ వేసుకునే మాత్రలు కొన్నాళ్లు మర్చిపోయినప్పుడు, అసలే జాగ్రత్తా తీసుకోనప్పుడు, బలవంతం జరిగినప్పుడు అవసరపడుతుంది. మన దగ్గర దొరికేవి రెండు. ఒకటి లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర. మందుల షాపుల్లో ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 అని అమ్మేది ఇదే, ప్రభుత్వం ఇచ్చే ఈజీ పిల్‌లో ఉన్నదీ ఇదే మందు. పేరు మారితే ధర మారుతుంది తప్ప పని మారదు. రెండోది కాపర్-టీ. దాని సంగతి కింద విడిగా చెప్తాను, ఎందుకంటే దాన్ని ఈ పనికి కూడా వాడొచ్చని పిల్లల తల్లులకే చాలామందికి తెలియదు.

72 గంటలని పేరులోనే ఉంది కదా, మూడో రోజు వేసుకున్నా సరిపోతుందా?

డబ్బాలో ఎక్కువసార్లు పడే ప్రశ్న ఇదే. 72 గంటలు గడువు మాత్రమే, ఆ గడువు చివరిదాకా మాత్ర ఒకే బలంతో పనిచేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించి 1998లో వెలువరించిన పెద్ద పరిశీలనలో ఇదే మందు మొదటి 24 గంటల్లో వేసుకున్నవాళ్లలో, రావాల్సిన గర్భాల్లో 95 శాతం ఆగాయి. రెండో రోజు వేసుకున్నవాళ్లలో 85 శాతం. మూడో రోజుకి 58 శాతం. ఒకటే మందు, ఆలస్యమయ్యే కొద్దీ పనితనం తగ్గిపోతోంది.

నాకు తెలిసిన ఒకమ్మాయి సంగతి చెప్తాను. కండోమ్ చిరిగింది శనివారం రాత్రి తొమ్మిదికి. ఆదివారం ఊళ్లో మందుల షాపు తీయలేదు. సోమవారం పొద్దున వెళ్తే షాపులో కూర్చున్నది వాళ్ల నాన్నకి స్నేహితుడు. "ఏం కావాలమ్మా?" అని అడిగితే తలనొప్పి బిళ్లలు కొనుక్కుని వచ్చేసింది. మంగళవారం కాలేజీకని చెప్పి రావులపాలెం బస్సెక్కింది. మాత్ర నోట్లో పడేసరికి మధ్యాహ్నం రెండయింది. అంటే 65 గంటలు. అందులో బస్సు ప్రయాణానికి పట్టింది ముప్పావు గంట, మిగతాదంతా భయానికే పోయింది. నేను ఆమెను తప్పుపట్టను. ఆమెకు ఆ మూడు రోజులూ ఎలా గడిచాయో తర్వాత కూర్చోబెట్టుకుని విన్నాను. కానీ ఇది చదువుతున్న మీరు ఆదివారమే కదలాలి. ఆదివారం ఊళ్లో షాపు లేకపోతే అమలాపురం, రాజోలు, భీమవరం లాంటి టౌన్లలో పెద్దాసుపత్రి ఎదురుగా ఏదో ఒక షాపు తీసే ఉంటుంది.

72 గంటలు దాటిపోతే అన్నీ అయిపోయినట్టు కాదు. అయిదు రోజుల వరకూ, అంటే 120 గంటల్లోపు వేసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కాకపోతే అప్పటికి పనితనం బాగా తగ్గుతుంది. ఆ దశలో కాపర్-టీ మేలు.

అది అబార్షన్ మాత్ర కాదా?

కాదు. ఈ ఒక్క అపోహ వల్ల వేసుకోవాల్సినవాళ్లు మానేసి, ఆ తర్వాత నిజంగానే అబార్షన్ కోసం వెళ్లాల్సి వస్తోంది. కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఆడవాళ్లకు నెలకోసారి అండాశయం నుంచి అండం విడుదలవుతుంది. విడుదలయ్యాక అది బతికి ఉండేది ఒక్క రోజే. మగవాళ్ల వీర్యకణాలు మాత్రం ఆడవాళ్ల శరీరంలో అయిదు రోజుల దాకా బతకగలవు. అంటే కలయిక జరిగిన వెంటనే గర్భం రాదు, కణాలు అండం కోసం కాచుక్కూర్చుంటాయి. మాత్ర చేసే పని ఆ అండం విడుదలను వాయిదా వేయడం. మన రైతులకు ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. ధవళేశ్వరం నుంచి కాలవలకు నీళ్లు వదిలే తేదీ వారం వెనక్కి జరిపితే, ఈ లోపు పోసిన నారుమడి ఎండిపోతుంది. అలాగే అండం వచ్చేలోపు కణాలు చచ్చిపోతాయి. అదే నీళ్లు వదిలేశాక తేదీ మార్చి లాభం లేదు. అండం అప్పటికే విడుదలైతే మాత్ర ఏమీ చేయలేదు. అందుకే తొందరగా వేసుకోమని అంతగా చెప్పేది, అందుకే నూటికి నూరు పాళ్లూ హామీ లేదనేది. ఈ మాత్ర వేసుకున్న ప్రతి 100 మందిలో ఒకరిద్దరికి గర్భం వస్తుంది.

గర్భం అప్పటికే వచ్చి ఉంటే ఈ మాత్ర దాన్ని పోగొట్టదు. తెలియక వేసుకున్నా కడుపులో బిడ్డకు హాని చేయదు.

అబార్షన్ మందులు వేరు. అవి మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్. వాటిని డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. మందుల షాపులో "కిట్ ఇమ్మంటారా?" అని అడిగితే వాళ్లు అంటున్నది చాలాసార్లు దాని గురించే. తలూపేయకండి. అట్టపెట్టె చేతిలోకి తీసుకుని "లెవోనార్జెస్ట్రెల్ 1.5" అని ఉందో లేదో చూడండి, గడువు తేదీ కూడా చూడండి. పెట్టె అరచేయంత ఉంటుంది, లోపల మడతలు మడతలుగా చీమ తలకాయలంత అక్షరాల కాయితం, రేకులో ఒకే ఒక్క చిన్న మాత్ర. "ఇంతేనా?" అని కంగారుపడి రెండో పెట్టె కొన్నవాళ్లున్నారు. మామూలుగా అయితే అంతే, ఒకటి చాలు.

డాక్టరు చీటీ కావాలా? పెళ్లి కాలేదని ఇవ్వనంటే?

చీటీ అక్కర్లేదు. 2005 నుంచి మన దేశంలో చీటీ లేకుండానే అమ్ముతున్నారు. పెళ్లయిందా లేదా అని అడిగే హక్కు షాపువాళ్లకు లేదు. అడిగితే జవాబు చెప్పకుండా ఇంకో షాపుకి వెళ్లండి, వాదించడానికి కూడా మీ గంటలు ఖర్చు చేయొద్దు.

ఆశా కార్యకర్త దగ్గర, సబ్ సెంటర్‌లో, పీహెచ్‌సీలో కూడా ఈ మాత్ర ఉంటుంది. ఇక్కడే మన ఊళ్ల కష్టం. ఆశా అక్క మన వీధిలోనే ఉంటుంది, మన అమ్మతో కలిసి గుడికి వెళ్తుంది. ఆమె నోరు జారుతుందేమోనని పిల్లలు యానాం దాకా, కాకినాడ దాకా పోయి కొనుక్కుంటున్నారు. ఆశా అక్కలకు నేను మీటింగుల్లో చెప్పే మాట ఇక్కడా చెప్తున్నాను: అమ్మాయి మీ గడప దాకా వచ్చిందంటే ఎంతో ధైర్యం చేసి వచ్చింది. మీరు వాళ్లమ్మకు చెప్పిన రోజు నుంచి ఆ వీధిలో ఇంకో ఆడపిల్ల మీ దగ్గరకు రాదు.

ఇవేవీ కుదరకపోతే జిల్లా ఆసుపత్రుల్లో, ఏరియా ఆసుపత్రుల్లో 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం కౌమార ఆరోగ్య క్లినిక్‌లు పెట్టారు. ఓపీ చీటీ రాయించుకుని ఆ గది ఎక్కడని అడగండి. ఫోన్‌లో సలహాకు 104.

వేసుకున్నాక ఏమవుతుంది?

చాలామందికి ఏమీ కాదు. కొందరికి వికారం, తలనొప్పి, కళ్లు తిరగడం, రొమ్ముల్లో సలుపు ఉంటాయి, ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతాయి. మధ్యలో కాస్త రక్తం మరకలు కనిపించొచ్చు. వాటిని చూసి "నెలసరి వచ్చేసింది, హమ్మయ్య" అనుకోకండి, అది నెలసరి కాకపోవచ్చు. ఏదైనా తిని వేసుకుంటే వికారం తగ్గుతుంది, కానీ తినడం కోసం ఆలస్యం చేయనక్కర్లేదు. వేసుకున్న రెండు మూడు గంటల్లోపు వాంతయితే మాత్రం ఇంకొకటి వేసుకోవాలి.

డేట్ ఎప్పుడు వస్తుంది? దాటిపోతే?

కొన్ని రోజులు ముందైనా రావచ్చు, వెనకైనా రావచ్చు. అండం వాయిదా పడితే నెలసరి కూడా వెనక్కి జరగడం మామూలే. రావాల్సిన తేదీకి వారం దాటినా రాకపోతే మూత్ర పరీక్ష చేసుకోండి. నెలసరి ఎప్పుడూ సరిగా రానివాళ్లు కలయిక జరిగిన రోజు నుంచి మూడు వారాలు లెక్కపెట్టి చేసుకోవాలి. అంతకు ముందే చేసుకుంటే గర్భం ఉన్నా లేనట్టు చూపించొచ్చు. ఆశా దగ్గర నిశ్చయ్ అనే కిట్ ఉంటుంది, షాపులోనూ కొనుక్కోవచ్చు. పొద్దున్నే లేచాక మొదటి మూత్రంతో చేయండి.

పొత్తికడుపులో ఒకవైపు భరించలేని నొప్పి, నెల తప్పడం, కళ్లు తిరిగి పడిపోవడం, ఇవి కలిసి వస్తే ఇంట్లో ఉండకండి. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలిచి ఉండొచ్చు. మాత్ర వల్ల ఆ ప్రమాదం పెరగదు, కానీ వచ్చిందంటే ప్రాణం మీదికి వస్తుంది. 108కి ఫోన్ చేయండి.

ఒకసారి వేసుకుంటే ఆ నెలంతా భయం లేదా?

ఉంది, ఇంకా ఎక్కువ ఉంది. పైన చెప్పిన కాలవ లెక్క గుర్తు చేసుకోండి. మాత్ర అండాన్ని ఆపేయలేదు, వాయిదా వేసింది. అది తర్వాత రోజుల్లో విడుదలవుతుంది. సరిగ్గా అప్పుడు కలిస్తే గర్భం రావడానికి అన్నీ అనుకూలమే. మాత్ర వేసుకున్న రోజు నుంచే కండోమ్ వాడాలి. రోజూ వేసుకునే మాత్రలు కూడా ఆ మర్నాటి నుంచే మొదలుపెట్టొచ్చు, వాటి పని కుదురుకునే దాకా మొదటి వారం కండోమ్ తప్పదు.

ఎక్కువసార్లు వేసుకుంటే తర్వాత పిల్లలు పుట్టరట, నిజమేనా?

నిజం కాదు. ఒకే నెలలో రెండుసార్లు వేసుకోవాల్సి వచ్చినా ప్రమాదం లేదు, తర్వాత పిల్లలు పుట్టడానికి అడ్డు కాదు. కానీ నెలసరి లెక్క తప్పుతుంది, మనసుకు నెమ్మది ఉండదు, పైగా రోజూ వేసుకునే మాత్రలంత గట్టిగా పనిచేయదు. నెలకు రెండుసార్లు దీన్నే కొంటున్నారంటే మీకు కావాల్సింది వేరే పద్ధతి.

కాపర్-టీ సంగతి చెప్తానన్నారు?

రాగి తీగ చుట్టిన చిన్న టీ ఆకారపు ప్లాస్టిక్ ముక్క. శిక్షణ ఉన్న నర్సు గానీ డాక్టరు గానీ గర్భసంచిలో అమరుస్తారు. రాగి వీర్యకణాల్ని చంపుతుంది. జాగ్రత్త లేని కలయిక జరిగిన అయిదు రోజుల్లోపు వేయించుకుంటే 100కి 99 మందికి పైగా గర్భం రాదు. అత్యవసర పద్ధతుల్లో ఇంత గట్టిది ఇంకోటి లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కాపర్-టీ 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది, వద్దనుకున్న రోజు తీయించుకోవచ్చు, తీస్తే మళ్లీ గర్భం వస్తుంది. పిల్లలు పుట్టనివాళ్లు కూడా వేయించుకోవచ్చు. లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లకు, అప్పటికే గర్భం ఉన్నవాళ్లకు వేయరు, అందుకే ముందు పరీక్ష చేస్తారు.

బరువు బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్ర తక్కువ పనిచేయొచ్చు, వాళ్లకు ఇదే మంచిది. ఇంకొక సంగతి కూడా అడగకుండానే చెప్పాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నా, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపైన్ వాడుతున్నా, హెచ్‌ఐవీకి కొన్ని మందులు వాడుతున్నా, అవి ఈ మాత్ర బలాన్ని తగ్గించేస్తాయి. వాళ్లు కాపర్-టీ వేయించుకోవాలి, అది కుదరకపోతే రెండు మాత్రలు కలిపి వేసుకోవాలి. డాక్టరుకి మీరు వాడే మందుల పేర్లు చెప్పండి. మీరు చెప్పకపోతే ఈ విషయం అడిగే తీరిక షాపులో ఎవరికీ ఉండదు.

బొప్పాయికాయ, నువ్వులు-బెల్లం తింటే పోతుందంటారు?

పోదు. ఇంగువ నీళ్లు తాగినా, మెట్లు ఎక్కి దిగినా, వెంటనే లోపల కడుక్కున్నా పోదు. బొప్పాయి తిని నెలసరి కోసం పది రోజులు ఎదురుచూసిన వాళ్లను చూశాను. ఆ పది రోజుల్లో మొదటి అయిదే మాత్రకు పనికొచ్చేవి.

నా భర్త కువైట్‌లో ఉంటారు. ఏడాదికి ఒక నెల వస్తారు. ఆ నెలంతా ఈ మాత్రలు వాడొచ్చా?

ఈ చీటీ కాలేజీలో రాలేదు, డ్వాక్రా మీటింగులో వచ్చింది. మన కోనసీమలో ఎన్ని ఇళ్ల సంగతి ఇది! వద్దమ్మా. నెల రోజులకు ఈ మాత్ర సరిపోదు. ఆయన రాకకు ముందే సబ్ సెంటర్‌కి వెళ్లండి. కండోమ్‌లు, రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలు, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, మొదటి మూడు నెలలు వారానికి రెండు చొప్పున, తర్వాత వారానికి ఒకటి చొప్పున వేసుకునే ఛాయ మాత్రలు, అన్నీ ఉచితమే. ఛాయలో హార్మోను ఉండదు, ఆ మందు కనిపెట్టింది మన లక్నో శాస్త్రవేత్తలే. బిడ్డకు పాలిచ్చే తల్లి అత్యవసర మాత్ర వేసుకోవచ్చా అని కూడా అదే మీటింగులో అడిగారు. వేసుకోవచ్చు.

నేను అబ్బాయిని. నేనేం చేయాలి?

ఈ చీటీ చూసి నాకు నిజంగా సంతోషమేసింది. షాపుకి మీరు వెళ్లండి. మీరు అడిగితే షాపులో వంకరగా చూసేవాళ్లు తక్కువ. డబ్బులు మీరు పెట్టండి. వేసుకున్నాక వాంతయిందా లేదా అని కనుక్కోండి, నెలసరి తేదీ మీరూ రాసుకోండి. వేసుకోవాలా వద్దా అన్నది మాత్రం ఆమె నిర్ణయం. బలవంతపెట్టడం, తెలియకుండా జ్యూస్‌లో కలపడం నేరం. ఇంకోటి, ఈ మాత్ర సుఖవ్యాధుల్ని గానీ హెచ్‌ఐవీని గానీ ఆపదు. "మాత్ర ఉందిగా" అని కండోమ్ మానేయొద్దు.

నాకు 17. ఇష్టంతోనే జరిగింది. ఆసుపత్రికి వెళ్తే పోలీసులొస్తారా?

దాచకుండా చెప్తాను. మాత్ర వేసుకోవడానికి వైద్యపరంగా వయసు అడ్డు కాదు. కానీ 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల ఇష్టాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. సంగతి తెలిసిన డాక్టరు పోలీసులకు తెలపాల్సి ఉంటుంది. గర్భం వచ్చి తీయించుకోవాల్సి వస్తే, 18 లోపు వాళ్లకు సంరక్షకుల సంతకం కావాలి. 18 దాటితే మీ ఒక్కరి సంతకం చాలు, పెళ్లి కాకపోయినా సరే. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు రాయక్కర్లేదు. కాబట్టి పోలీసుల భయంతో నాటు వైద్యం జోలికి మాత్రం వెళ్లకండి. అమ్మ కాకపోతే పిన్ని, అత్త, నమ్మకమున్న టీచరు, ఎవరో ఒక పెద్ద మనిషిని ఈ రోజే వెంట తీసుకెళ్లండి.

బలవంతం జరిగితే?

ముందు ఆసుపత్రి. కేసు పెట్టాలా వద్దా అన్నది తర్వాత ఆలోచించొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేసి తీరాలి, ఫిర్యాదు ఉంటేనే చూస్తామనకూడదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టంలోని 397వ సెక్షన్ వెంటనే ఉచిత వైద్యం చేసి తీరాలనే చెప్తోంది. గర్భం రాకుండా మాత్ర, సుఖవ్యాధులకు మందులు, హెచ్‌ఐవీ రాకుండా వేసే మందు ఇవ్వాలి. హెచ్‌ఐవీ మందు కూడా 72 గంటల్లోపే మొదలవ్వాలి. ఆనాటి బట్టలు ఉతక్కుండా కాయితం సంచిలో పెట్టి తీసుకెళ్లండి. ఉతికేసినా, స్నానం చేసేసినా ఫర్వాలేదు, వెళ్లండి. మహిళలకు 181, పిల్లలకు 1098. మీ తప్పు ఇందులో ఏదీ లేదు.

మాది లంక. వరదొస్తే పడవలు ఆపేస్తారు. ముందే కొని ఇంట్లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగి, కాజ్‌వేలు మునిగి, పంటు ఆగిపోయిన రోజుల్లో మూడు రోజులంటే ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక మాత్ర తెచ్చి, పెట్టె మీద గడువు తేదీ చూసి, ఎండ, చెమ్మ తగలని చోట పెట్టుకోండి. వంటింట్లో, కిటికీ గూట్లో వద్దు. రేకు చిల్లు పడితే, మాత్ర రంగు మారితే పారేయండి. మీ లంకకు ఆశా అక్క ఉంటే వానాకాలం మొదలవక ముందే ఆమె సంచిలో ఎన్ని మాత్రలున్నాయో అడగండి. లేకపోతే పీహెచ్‌సీ నుంచి తెప్పించమనండి, జూన్‌లోనే.